షటిల్ పరుగుకు మార్కులు వేయాలా, వద్దా?

పలకాబలపం: 20 మీటర్ల షటిల్ పరుగులో, అంటే 20 మీటర్ల దూరంలోని రెండు గీతల మధ్య బీప్ శబ్దానికి తగ్గట్టు అటూ ఇటూ పరిగెత్తడంలో, ఎంతసేపు నిలిచారన్నదాన్ని బట్టి వ్యాయామ విద్యకు మార్కులు వేయడం సబబేనా? బడి వదిలాక కూడా ఒళ్లు వంచే అలవాటు మిగలాలంటే ఇది బెడిసికొడుతుందని నా వాదన.

ఈల: మార్కులు తీసేయండి, పరీక్షలు దగ్గర పడగానే ఆటల పీరియడ్‌ను లెక్కల వాళ్లు లాగేసుకుంటారు. 5–17 ఏళ్ల వాళ్లకు రోజుకు సగటున 60 నిమిషాల శ్రమ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కొలవకపోతే ఎవరెక్కడున్నారో తెలిసేదెలా?

నాడి: కొలవండి, మార్కే వద్దు. ఆ పరుగు గంటకు 8.5 కిలోమీటర్ల వేగంతో మొదలై నిమిషానికి అర కిలోమీటరు చొప్పున పెరుగుతుంది. ముందు ఆగిపోయేది సాధారణంగా బరువున్నవాళ్లు, ఎదుగుదల ఆలస్యమైన అబ్బాయిలు. వాళ్లు గీత పక్కన నిలబడితే మిగతావాళ్లంతా చూస్తారు. పదమూడేళ్ల పిల్లలిద్దరి మధ్య శరీర ఎదుగుదలలో రెండు మూడేళ్ల తేడా ఉండొచ్చు. ఆ తేడాకా మనం మార్కులేసేది?

పలకాబలపం: పోనీ, మొదటిసారికీ రెండోసారికీ మధ్య మెరుగుదలకు ఇస్తే?

నాడి: మొదటిసారి కావాలనే నెమ్మదిగా పరిగెడతారు, పిల్లలు మనకన్నా గడుసు. బాగా పరిగెత్తేవాళ్లకేమో పెరగడానికి చోటుండదు. సొంతంగా వార్మప్ చేసుకోగలరా? 15 సెకన్లు నాడి లెక్కపెట్టి నాలుగుతో హెచ్చించగలరా? మాట్లాడగలిగీ పాడలేకపోతే అది మధ్యస్థ శ్రమ అని పోల్చుకోగలరా? మార్కులు వీటికి వేయండి. పెద్దయ్యాక పనికొచ్చేవి ఇవే.

సున్నపుగీత: పరీక్ష ఏడాదికి ఒకటి రెండుసార్లే కదా, మిగతా పీరియడ్ల సంగతేంటి? నలభై మంది, ఒక బంతి. బంతి పదిమంది దగ్గరే తిరుగుతుంది, మిగతావాళ్లు గోళ్లు కొరుక్కుంటూ నిలబడతారు. సున్నంతో 20 × 12 మీటర్ల కోర్టులు ఐదు గీయండి, ఒక్కోదాంట్లో నలుగురికి నలుగురు. గోల్‌కీపర్ వద్దు, పెడితే పరిగెత్తలేని పిల్లాణ్ణి అక్కడే పాతేస్తారు. జట్లు ముందే కాగితం మీద రాసుకురండి. కెప్టెన్లను ఎంచుకోమంటే చివర మిగిలేది రోజూ వాళ్లే. బంతితో కొట్టే ఆటలో ఔటైనవాళ్లను బయట కూర్చోబెట్టకుండా అవతలి జట్టులో చేర్చండి, ఎందుకంటే ముందుగా ఔటయ్యేది కదలిక ఎక్కువ కావాల్సినవాళ్లే. ఆలస్యంగా వచ్చినందుకు మైదానం చుట్టూ రెండు రౌండ్లు పరిగెత్తించడం మాత్రం మానేయండి. పరుగును శిక్షగా వాడినవాళ్లే మళ్లీ దాన్ని ఇష్టపడమంటే ఎలా?

ఈల: ఐదు బంతులంటే ఐదు తగాదాలు. ఉండేది ఒక్క మాస్టారు.

సున్నపుగీత: కోర్టుకొక పిల్లరిఫరీ, ఐదు నిమిషాలకొకరు మారాలి. అప్పుడు నలుగురికి ముగ్గురవుతారు, గట్టివాళ్లను ముగ్గురి వైపు వేయండి.

ఈల: కోర్టుల మాట ఒప్పుకుంటా. వార్మప్‌కో నాడికో, దేనికైనా సరే, రిపోర్టు కార్డులో మార్కు పడాల్సిందే. అది లేని పీరియడ్ బతకదు.

నాడి: నేనన్నదీ అదే కదండీ, షటిల్ పరుగుకు వద్దన్నాను!