విటమిన్ డి వేసుకుంటే ఇమ్యూనిటీ పెరుగుతుందా పెరగదా, ఒక మాట చెప్పండి

ఎండమావి:
రెండేళ్లుగా రోజూ వెయ్యి ఐయు (డోసు కొలిచే యూనిట్) డి మాత్ర మింగుతున్నా, సరే, దాదాపు రోజూ. కోవిడ్ టైమ్‌లో ఎవరి నోట విన్నా డి తక్కువైతే ఇమ్యూనిటీ ఉండదనే మాటే కదా, అప్పట్లో బుర్రలో పడిపోయింది. మొన్న జ్వరం, దగ్గు పట్టుకుని పది రోజులు మంచం దిగలేదు. ఆ జ్వరంలోనే డి టెస్ట్ చేయిస్తే 22 (మిల్లీలీటర్ రక్తానికి నానోగ్రాములు) వచ్చింది, అంకె పక్కన ఎర్ర బాణం గుర్తు, కిందికి. పడుకుని ఫోన్‌లో వెతుకుతుంటే 2025లో లాన్సెట్ వాళ్ల డయాబెటిస్ జర్నల్‌లో వచ్చిన స్టడీ కనబడింది. 46 ట్రయల్స్, 64 వేల మంది డేటా కలిపి చూశారట, జలుబు దగ్గు లాంటి శ్వాస ఇన్ఫెక్షన్లని డి ఆపుతుందనడానికి గట్టి ఆధారం దొరకలేదట. తమాషా ఏంటంటే 2017లో ఆపుతుంది అని రాసింది కూడా ఈ టీమే! మరి నేను మింగిందంతా ఏ గంగలో కలిసినట్టు?

సూర్యుడిచుట్టం:
ఒక్క పేపర్ చూసి డి కి దినం పెట్టేయకండి. ఇదేం వాట్సాప్ వైద్యం కాదు, లోపల ఏం జరుగుతుందో ల్యాబ్‌లో కళ్లారా చూసిన విషయం. 2006లో సైన్స్ జర్నల్‌లో వచ్చింది చదవండి, క్రిముల్ని మింగేసే మన మాక్రోఫేజ్ కణం టీబీ బాక్టీరియాని గుర్తుపట్టగానే డి ని యాక్టివ్ రూపంలోకి మార్చే ఎంజైమ్‌ని తనలోనే పెంచుకుంటుంది, ఆ యాక్టివ్ డి పోయి కాథెలిసిడిన్ అనే ప్రోటీన్ తయారుచేయిస్తుంది, అది బాక్టీరియాని చంపుతుంది. ఆ కణాల్ని డి తక్కువున్న సీరంలో (రక్తంలోని ద్రవంలో) ఉంచితే ఆ ప్రోటీన్ సరిగ్గా తయారవ్వలేదు, డి కలపగానే తయారైంది. ఇంతకంటే ఏం కావాలి? అసలు 1903లోనే ఫిన్సెన్‌కి నోబెల్ ఇచ్చారు, చర్మానికి పట్టే టీబీని కాంతితో నయం చేసినందుకు.

గుండుసున్నా:
ఫిన్సెన్ కథ ఎవరో ఒకరు తెస్తారని తెలుసు 😄 ఆయన వాడిన ల్యాంపులు, లెన్సుల్ని 2005లో మళ్లీ కొలిచి చూశారు బ్రో. ఆ గాజు 340 నానోమీటర్ల కిందున్న కిరణాల్ని బయటికే రానివ్వదు. చర్మంలో డి తయారవ్వాలంటే 315 కింద ఉండే యూవీబీ కావాలి. అంటే జబ్బు తగ్గింది నిజమే, డి వల్ల మాత్రం అయ్యుండదు.

ఇక ల్యాబ్ ప్లేటులో కణాల సంగతి. ప్లేటులో బాక్టీరియా చచ్చింది, ఒప్పుకున్నా. మనుషుల్లో చూద్దామని మంగోలియాలో 8851 మంది స్కూలు పిల్లల్ని తీసుకున్నారు, 2020లో ఎన్‌ఈజేఎం అనే మెడికల్ జర్నల్‌లో వచ్చింది. వాళ్లలో నూటికి 95 మందికి పైగా 20 కంటే తక్కువున్నవాళ్లే, అంటే మీరెప్పుడూ అనే "లోపం ఉన్నవాళ్లకి పనిచేస్తుంది" గ్రూపు అచ్చంగా ఇదే. మూడేళ్లపాటు వారం వారం 14 వేల ఐయు ఇచ్చారు. రక్తంలో డి మూడింతలైంది. టీబీ ఇన్ఫెక్షన్ ఎంతమందికి సోకింది? డి వేసుకున్నవాళ్లలో 3.6 శాతం, ప్లసీబో (మందు లేని ఉత్తుత్తి మాత్ర) వాళ్లలో 3.3 శాతం. చెప్పండి ఇప్పుడు.

సూర్యుడిచుట్టం:
అదే మంగోలియాలో చలికాలం పాలల్లో రోజుకి 300 ఐయు కలిపి ఇస్తే పిల్లల్లో జలుబులు దాదాపు సగానికి పడిపోయాయి, 2012లో వచ్చింది, అది చెప్పరేం? వారానికోసారి ఒకేసారి పోయడం వేరు, రోజూ కొంచెం కొంచెం వెళ్లడం వేరు.

గుండుసున్నా:
అది 250 మంది లోపు పిల్లల స్టడీ. తర్వాత వచ్చిన దానికి 35 రెట్లు చిన్నది. చిన్న స్టడీల్లో అద్భుతాలు జరగడం, పెద్ద స్టడీ వచ్చేసరికి మాయమవ్వడం డి కి పాత అలవాటే.

మైక్రోగ్రామ్:
ఇద్దరూ కాస్త ఆగండి, అడిగినావిడకి ఎవరూ జవాబు చెప్పలేదు. (నా పని క్లినికల్ ట్రయల్స్ డేటాతో, డాక్టర్‌ని కాను.)

ఎండమావి గారూ, ముందు మీ 22 సంగతి. రక్తంలో కొలిచే 25-హైడ్రాక్సీ డి అనేది ఒంట్లో ఇన్ఫ్లమేషన్ (జబ్బుకో గాయానికో వచ్చే వాపు, మంట) వస్తే దానంతట అదే పడిపోతుంది. మోకాలి ఆపరేషన్ అయినవాళ్లని ముందు రోజు, తర్వాత రెండ్రోజులకి కొలిచి చూశారు, డి తినడం మానలేదు, ఎండా మారలేదు, అయినా అంకె దిగిపోయింది. మీరేమో పది రోజుల జ్వరం మధ్యలో కొలిపించారు. అది మీ మామూలు అంకె అని నేనైతే అనుకోను. కోవిడ్‌లో జరిగింది కూడా చాలావరకు ఇదే, ఐసీయూలో ఉన్నవాళ్లందరికీ డి తక్కువుంది కాబట్టి డి తక్కువవ్వడం వల్లే ఐసీయూకి వచ్చారు అని రాసేశారు, బండి ముందో ఎద్దు ముందో చూడకుండా.

రెండోది ఆ ఎర్ర బాణం. మీ ల్యాబ్ వాళ్లు గీత 30 దగ్గర పెట్టుకున్నారన్నమాట. అది 2011లో ఎండోక్రైన్ సొసైటీ (హార్మోన్ల డాక్టర్ల సంఘం) చెప్పిన గీత. దానికి కొన్ని నెలల ముందే అమెరికాలో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 20 ఉంటే ఎముకలకి చాలంది. ఒకే రక్తం, ఒకే 22, ఇంకో ల్యాబ్ ప్రింట్ చేసుంటే నల్ల అక్షరాల్లో నార్మల్ అని వచ్చేది. 2024 కొత్త గైడ్‌లైన్‌లో ఎండోక్రైన్ సొసైటీయే ఆ 30 ని వదిలేసుకుంది, ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి ఊరికే టెస్టులు చేయొద్దని కూడా చెప్పింది. ల్యాబుల ఫార్మాట్లలో బాణాలు మాత్రం అలాగే ఉన్నాయి.

మూడోది, మీరు పట్టుకున్న లాన్సెట్ గొడవ. టీమ్ ప్లేటు తిప్పేసిందనడం అన్యాయం. 2017లో 25 ట్రయల్స్‌తో రిస్క్ 12 శాతం తగ్గింది, 2021లో 43 ట్రయల్స్‌తో 8 శాతం, 2025లో 6 శాతం. 8 కి 6 కి తేడా ఏముంది, ఏం లేదు. కాకపోతే ఈసారి అంచనాలో పొరపాటుకి వదిలే హద్దు సరిగ్గా "తేడా లేదు" గీతని తాకింది, కాబట్టి రుజువైంది అని రాయడానికి వీల్లేకపోయింది. నా మనసుకి గుచ్చుకున్నది వేరే. 2017లో 10 కంటే తక్కువుండి రోజూ గానీ వారానికోసారి గానీ వేసుకున్నవాళ్లకి 70 శాతం రక్షణ అన్నారు, అందరూ పట్టుకు వేలాడింది దాన్నే, నేనూ ఏళ్ల తరబడి అదే చెప్పా. 2021లో మరిన్ని ట్రయల్స్ చేరాక లోపం ఉన్నవాళ్లకి ప్రత్యేకంగా మేలన్న ప్యాటర్న్ చెదిరిపోయింది. 2025లో వయసు, డోసు, మొదట్లో ఉన్న డి అంకె, ఎలా విడగొట్టినా ఏ గ్రూపూ విడిగా నిలబడలేదు.

అర్ధరాత్రిడ్యూటీ:
నేను నర్సుని, ఈ లెక్కలు నాకు రావు గానీ ఒకటి చెప్పాలి. పోయినేడాది ఒక పెద్దాయన వచ్చారు, విపరీతమైన దాహం, వాంతులు, మలబద్ధకం, మాట తడబాటు, ఇంట్లోవాళ్లు పక్షవాతం అనుకున్నారు. కాల్షియం చూస్తే 14 దాటింది. వారానికొకటి వేసుకోమన్న పెద్ద డోసు మాత్ర, ఆయన రోజుకొకటి చొప్పున మూడు నెలలు వేసుకున్నారు, ఇమ్యూనిటీ కోసమట. సెలైన్లు ఎక్కించి కాల్షియం దించాం, కిడ్నీలు కుదుటపడటానికి వారాలు పట్టింది. డి కొవ్వులో దాక్కుంటుంది కాబట్టి మాత్ర ఆపేసినా లోపలున్నది అంత త్వరగా పోదు. విటమినే కదా అని తేలిగ్గా తీసుకోకండి ప్లీజ్.

గుండుసున్నా:
థాంక్స్ సిస్టర్. సరిగ్గా అలాంటిదే ఆస్ట్రేలియాలో పెద్ద వయసు ఆడవాళ్లకి ఏడాదికోసారి 5 లక్షల ఐయు ఇచ్చి చూశారు, 2010లో జామా జర్నల్‌లో వచ్చింది. కింద పడటాలు, ఎముకలు విరగడాలు ప్లసీబో వాళ్లకంటే ఎక్కువయ్యాయి. ఎముకల కోసం ఇచ్చిన మందు!

సూర్యుడిచుట్టం:
తప్పుగా వాడినవాళ్లని చూపించి మందుని తిట్టడం బాలేదు. సరే, జలుబు సంగతి వదిలేస్తా, ఆ ఒక్క దాంట్లో మీరే నెగ్గారనుకోండి. కానీ ఇమ్యూనిటీ అంటే జలుబొక్కటేనా? ఇప్పుడు రీసెర్చ్ ఎటు పోతోందో చూడండి, ఆటోఇమ్యూన్ జబ్బుల (ఇమ్యూనిటీ సొంత ఒంటి మీదే దాడి చేసేవి) వైపు. టీ సెల్స్ అనే ఇమ్యూనిటీ కణాల్లో డి ని అందుకునే రిసెప్టర్ ఉంది, మితిమీరి రెచ్చిపోకుండా చూస్తుంది. "ఇమ్యూనిటీ బూస్టర్" అని డబ్బా మీద రాసుకునేవాళ్లకి అర్థం కానిది ఇదే, డి చేసే పనుల్లో సగం బ్రేకు వేయడమే. వైటల్ ట్రయల్, దాదాపు 26 వేల మంది, రోజుకి 2000 ఐయు, ఐదేళ్లు. కీళ్లవాతం, సోరియాసిస్ లాంటివన్నీ కలిపి డి గ్రూపులో 123 మందికి వచ్చాయి, ప్లసీబోలో 155. 22 శాతం తక్కువ. 2022లో బీఎంజే జర్నల్‌లో వచ్చింది.

గుండుసున్నా:
ఆ ట్రయల్ అయిపోయాక మాత్రలు ఆపేసి ఇంకో రెండేళ్లు గమనించారు, 2024లో వచ్చింది. మొత్తం కలిపి చూస్తే డి గ్రూపులో 255, ప్లసీబోలో 259. తేడా ఆవిరి.

సూర్యుడిచుట్టం:
ఆపేస్తే పోయిందంటే వేసుకున్నన్నాళ్లూ పనిచేసిందనేగా అర్థం! బీపీ మాత్ర ఆపేస్తే బీపీ పెరగదా?

గుండుసున్నా:
లేదా మొదటిసారి వచ్చిన తేడా గాలివాటమేమో. 26 వేల మందిలో 32 మంది తేడా అది.

మైక్రోగ్రామ్:
ఇక్కడ మాత్రం నేను సూర్యుడి చుట్టం వైపు కొంచెం మొగ్గుతా, కొంచెమే. 2025 మార్చిలో జామాలో ఫ్రాన్స్ ట్రయల్ వచ్చింది, మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్, ఇమ్యూనిటీ మెదడు, వెన్నుపాము మీద దాడి చేసే జబ్బు) తొలి లక్షణం కనబడ్డవాళ్లు 316 మంది, రెండు వారాలకోసారి లక్ష ఐయు, రెండేళ్లు. జబ్బు చురుగ్గా ఉన్నవాళ్లు డి గ్రూపులో 60 శాతం, ప్లసీబోలో 74. ఇది చిన్న తేడా కాదు. కాకపోతే మేలంతా ఎంఆర్‌ఐలో కొత్త మచ్చలు తగ్గడంలోనే కనబడింది, రిలాప్స్‌లు (లక్షణాలు తిరగబెట్టడం) విడిగా లెక్కిస్తే చెప్పుకోదగ్గ తేడా లేదు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లో ఇలాంటి పేషెంట్ల మీదే చేసిన ఇంకో ట్రయల్‌లో ఏమీ రాలేదు. ఇంకో చిక్కు, ఇక్కడ పనిచేసింది పెద్ద డోసు. "రోజూ కొంచెం కొంచెం" థియరీకి ఇది ఎదురు. ఎంఎస్ ఉన్నవాళ్లు ఇది చదివి సొంతంగా లక్షలు మింగకండి, వాళ్లకి కాల్షియం చూసుకుంటూ ఇచ్చారు.

ఎండమావి:
అంతా రెండుసార్లు చదివా. నాకర్థమైంది ఏంటంటే నా జలుబుకీ నా మాత్రకీ సంబంధం పెద్దగా లేదు, నా 22 కి కూడా నేననుకున్న అర్థం లేదు. మాత్ర ఆపేయాలా మరి?

మైక్రోగ్రామ్:
రోజుకి వెయ్యి ఐయుతో మామూలుగా ప్రమాదం లేదు, పెద్దవాళ్లకి పైహద్దు 4000. కిడ్నీలో రాళ్లు, సార్కాయిడోసిస్ (ఇమ్యూనిటీ కణాలు గడ్డలు కట్టే జబ్బు) లాంటివి ఉంటే మాత్రం డాక్టర్‌ని అడక్కుండా వద్దు, సార్కాయిడోసిస్‌లో మాక్రోఫేజ్‌లే అదుపు లేకుండా యాక్టివ్ డి తయారుచేస్తాయి. ఎముకల కోసమైతే వేసుకోండి, జలుబు రాదని మాత్రం నమ్మకం పెట్టుకోవద్దు.

గుండుసున్నా:
నేనైతే ఆపేసేవాణ్ణి.

సూర్యుడిచుట్టం:
నేనైతే ఆపను. పూర్తిగా కోలుకున్నాక ఓ నెల, నెలన్నర ఆగి మళ్లీ టెస్ట్ చేయించి ఆ అంకె ఇక్కడ పెట్టండి, చూద్దాం.

ఎండమావి:
పెడతా. ఈసారి మాత్రం బాణం రంగు చూసి కంగారు పడను.