మంచు పడ్డాక ఎండ కాస్తే కొండెక్కేయొచ్చా?

పర్లాకిమిడి కుర్రోడు:
అందరికీ నమస్తే. మహేంద్రగిరి, దేవమాలి ఎక్కాం గానీ మంచు ఎప్పుడూ తొక్కలేదు. జనవరిలో ముగ్గురం ఉత్తరాఖండ్‌లో సాంక్రీ ఊరు వెళ్తన్నాం, అక్కడ కేదారకంఠ కొండ మామూలు రూట్లో జనం తెగ ఉంటారంట, అందుకని పక్క రిడ్జ్ (కొండ వెన్ను) మీంచి సొంతంగా టెంట్ వేసుకుంటూ పోదామని ప్లాను. రెండ్రోజులు మంచు పడి తర్వాత ఫుల్ ఎండ అని యాప్ చూపిస్తే బయల్దేరిపోవచ్చా? అవలాంచ్ (మంచు చరియ జారిపడ్డం) అంటే ఎవరెస్ట్ లాంటి చోట్లే కదా, 12,500 అడుగుల్లో కూడా వస్తాదేటి?

రాయగడ మాజీ ఫౌజీ:
ఎందుకు రాదు బాబూ. 2025 ఫిబ్రవరి 28న ఉత్తరాఖండ్‌లోనే మానా దగ్గర, బోర్డర్ రోడ్లేసే బీఆర్‌ఓ క్యాంపు మీద పడి 8 మంది పోయారు, ఆ ఊరు నీ కేదారకంఠ కంటే కిందే. ఎత్తు కాదు, వాలు చూడాలి. 30 నుంచి 45 డిగ్రీల వాలు మీదే ఎక్కువ జారతాది, అంతకంటే నిటారుగా ఉంటే మంచు నిలవదు, ఎప్పటికప్పుడు రాలిపోద్ది. ఇంక ఎండ సంగతి. మనకి వాన వెలిస్తే పనులు మొదలు, అక్కడ మంచు ఆగిన మొదటి ఒకటి రెండు రోజులే డేంజరు, కొత్త మంచు పాతదాన్ని ఇంకా పట్టుకోదు. కాశ్మీర్‌లో డ్యూటీ చేసినప్పుడు అలాంటి రోజు మమ్మల్ని పోస్టు దాటనిచ్చేవారు కాదు. పైగా రిడ్జ్ అంటన్నావు, ఆకాశం నీలంగా ఉన్నా గాలి ఒక పక్క మంచుని లేపి రెండో పక్క పోసేస్తాది, అంచు గాల్లోకి పొడుచుకొచ్చి ఉంటాది, దాని మీద కాలెయ్యకు.

సిరోంచ ట్రెక్కర్:
ఫౌజీ అన్న చెప్పింది కరెక్టే గానీ రెండ్రోజులు ఆగితే అయిపోయిందనుకోకు తమ్మీ. సీజన్ మొదట్ల పడ్డ పల్చటి మంచు చలికి పంచదార లెక్క పొడిపొడి అయితది, దాని మీద ఎంత పడ్డా అతకది, మీది పొర మొత్తం పలకలాగ జారతది. ఉత్తరం దిక్కు వాలుల మీద ఇది వారాల కొద్దీ ఉంటది. కాలు పెట్టంగనే 'వుఫ్' మని కుంగినా, పగులు ఉరికినా ఇగ ఆలోచించుడు లేదు, వచ్చిన అడుగుల్లనే వాపస్. చండీగఢ్‌ల డీఆర్‌డీవో వాళ్ల డీజీఆర్‌ఈ అనే సంస్థ అవలాంచ్ బులెటిన్ ఇస్తది, చూడు, కానీ అది జిల్లా మొత్తానికి, నువ్వు నిలబడ్డ వాలుకు కాదు.

పర్లాకిమిడి కుర్రోడు:
బాబోయ్. మరి మంచులో కప్పడిపోతే సిగ్నల్ ఇచ్చే బీకన్ ఒకటి అద్దెకి తీసుకుంటే ముగ్గురికీ సరిపోద్దా?

రాయగడ మాజీ ఫౌజీ:
ఒకటితో ఏటి చేస్తావు? కప్పడిపోయినోడి బీకన్ సిగ్నల్‌ని పైనున్నోడి బీకనే పట్టాలి, తర్వాత పొడిచి చూడ్డానికి ప్రోబు అనే పొడుగు కడ్డీ, తవ్వడానికి పార, ముగ్గురికీ మూడేసి ఉండాలి, వాడ్డం ముందే నేర్చుకోవాలి. పావుగంట దాటితే బతికే ఛాన్స్ బాగా పడిపోద్ది, సాంక్రీ నుంచి ఎవరొస్తారు అంతలో? నన్నడిగితే ఈసారికి ఊరి గైడుతో మామూలు దారే వెళ్లండి, జనం ఉంటే ఉన్నారు. వాలు కొలవడానికి ఫోన్లో యాప్ ఉంటాది, కర్ర వాలు మీద పెట్టి దాని మీద ఫోన్ పెట్టు. మీరు నడిచేది చదునే అయినా పైన 35 డిగ్రీల వాలుంటే వచ్చేది మీ మీదకే, దాని కింద టెంట్ మాత్రం వేయకండి.