నెలనెలా వచ్చే ఎలక్ట్రిక్ కార్ల లెక్క చూసి కారు కొనవచ్చా?

పెన్నా ఒడ్డు (నెల్లూరు):
ప్రతి నెలా మొదటి వారంలో డీలర్ల సమాఖ్య ఫాడా దేశవ్యాప్త అమ్మకాల లెక్క విడుదల చేస్తుంది. మర్నాడు పత్రికల్లో ఈవీల (ఎలక్ట్రిక్ వాహనాల) వాటా పెరిగిందనో, జోరు తగ్గిందనో శీర్షిక పడుతుంది. మా ఊరి షోరూముల్లో ఆ వార్తను ఫోనులో చూపించి మరీ అమ్ముతున్నారు. పది పదిహేను లక్షలు అప్పు చేసి పెట్టే మనిషి ఒక నెల శాతం చూసి మనసు మార్చుకోవడం నాకు ఆందోళన కలిగిస్తోంది. ఒక్క నెల అంకె దేనికీ ఆధారం కాదని నా వాదన. కాదనేవాళ్లు చెప్పండి. పెట్రోలు ఇంజనుతో పాటు బ్యాటరీ, మోటారు కూడా ఉండే హైబ్రిడ్లను ఈ లెక్కలో కలపాలా వద్దా అన్నది కూడా మాట్లాడుకుందాం.

గుండ్లకమ్మ (ఒంగోలు):
ఒప్పుకోనండి. 2024లో దేశం మొత్తం మీద ఎలక్ట్రిక్ కార్లు సుమారు లక్ష అమ్ముడయ్యాయి, అంటే నూటికి రెండున్నర. 2025లో లక్షన్నర దాటాయి. ఈ పెరుగుదల ముందుగా కనిపించింది నెలవారీ లెక్కల్లోనే కదా. 2024 సెప్టెంబరులో ఎంజీ కంపెనీ ఎలక్ట్రిక్ కారు విండ్సర్ వచ్చింది. బ్యాటరీకి కిలోమీటరుకు మూడున్నర రూపాయల అద్దె కట్టుకుంటే కారు 9.99 లక్షలకే ఇస్తామన్నారు. 2025 జనవరిలో క్రెటా ఎలక్ట్రిక్, మార్చి నుంచి మహీంద్రా కొత్త ఎలక్ట్రిక్ కార్లు రెండూ రోడ్డెక్కాయి. ఒక్కో మోడల్ వచ్చినప్పుడల్లా అంకె ఒక మెట్టు ఎక్కింది. "ఇంకా నూటికి అయిదు కూడా లేదు, చూద్దాంలే" అంటూ ఏళ్ల తరబడి పెట్రోలు పోయించుకుంటున్నవాళ్లు మా ఒంగోలులో చాలామంది ఉన్నారు. వాళ్లకు నెలనెలా గుర్తు చేయడం మంచిదే.

పెన్నా ఒడ్డు (నెల్లూరు):
మీరు చెప్పింది ఏడాది లెక్క, గుండ్లకమ్మ గారూ. దానితో నాకు పేచీ లేదు. నెలల సంగతి వేరు. మన దేశంలో కార్ల అమ్మకాలను క్యాలెండర్ కంటే పంచాంగమే ఎక్కువగా నడిపిస్తుంది. ఆషాఢంలో కొత్త బండి తీయరు, మహాలయ పక్షాల్లో అసలే తీయరు. ధనత్రయోదశికి, దసరాకు, ఉగాదికి వరస కడతారు. అందుకని ఈ నెలను పోయిన నెలతో పోల్చడం తప్పని అందరికీ తెలుసు. పోయిన ఏడాది ఇదే నెలతో పోల్చినా చిక్కే. 2023లో అధిక శ్రావణం వచ్చి దీపావళి నవంబరు 12కు జరిగింది. 2024లో అక్టోబరు 31కే వచ్చేసింది. దసరా, దీపావళి రెండూ ఒకే నెలలో పడేసరికి ఆ అక్టోబరులో కార్ల రిటైల్ అమ్మకాలు ముందటేడాది అక్టోబరు కంటే దాదాపు మూడో వంతు పెరిగాయి, నవంబరులో పడిపోయాయి. దాన్ని చూసి కొందరు గిరాకీ చచ్చిపోయిందన్నారు. చచ్చిందేమీ లేదు, పండుగ జరిగిందంతే.

ఇంకో సంగతి. 2025 ఆగస్టు 15న ప్రధాని జీఎస్టీ తగ్గుతుందని ప్రకటించారు. సెప్టెంబరు 22న, నవరాత్రులు మొదలైన రోజున, అది అమలైంది. చిన్న పెట్రోలు కార్ల మీద సెస్సుతో కలిపి 29 శాతం ఉన్న పన్ను 18కి దిగింది. ఎలక్ట్రిక్ కార్లకు ముందూ అయిదే, తర్వాతా అయిదే. మధ్యలో పెట్రోలు కారు కొనదలచినవాళ్లు ఆగిపోయారు. ఈవీ కొనేవాడికి ఆగాల్సిన పని లేదు. అప్పుడు ఈవీల వాటా దానంతటదే పెరిగినట్టు కనిపిస్తుంది, అదనంగా ఒక్క ఈవీ అమ్ముడవకపోయినా. తర్వాత పెట్రోలు కార్లు కుప్పలుగా కదిలితే వాటా తగ్గుతుంది, ఒక్క ఈవీ అమ్మకం తగ్గకపోయినా. శాతంలో కింది అంకె ఊగుతుంటే పై అంకె గురించి మనకేం తెలుస్తుంది?

పైగా ఆ లెక్కలు కూడా రెండు రకాలు. తయారీదారుల సంఘం సియామ్ ఇచ్చేది కంపెనీ నుంచి డీలరుకు వెళ్లిన బండ్ల లెక్క. ఫాడా ఇచ్చేది కేంద్ర ప్రభుత్వ వాహన్ పోర్టల్లో రిజిస్టరైన బండ్ల లెక్క. ఆ వాహన్‌లో చాలా ఏళ్ల పాటు తెలంగాణ లేదు. 2024 నవంబరు నుంచి ఈవీలకు రోడ్డు పన్ను పూర్తిగా ఎత్తేసిన రాష్ట్రం అది. హైదరాబాదును వదిలేసిన అంకెను దేశం అంకె అని ఎలా అంటాం?

కావలి ట్రావెల్స్:
నాకు బండ్లే బతుకుతెరువు కాబట్టి చెబుతున్నాను. హైబ్రిడ్లను కలపాలి. కిలోమీటరుకు ఎంత పెట్రోలు కాలిందన్నదే అసలు లెక్క. నెల్లూరు నుంచి చెన్నై వెళ్లి రావడానికి 350 కిలోమీటర్లు. విండ్సర్ చిన్న బ్యాటరీకి కంపెనీ చెప్పే దూరమే 332. రోహిణి కార్తె ఎండలో ఏసీ వేసి హైవే మీద పరుగెత్తిస్తే అది ఇంకా తగ్గుతుంది. తిరుగు దారిలో ప్యాసింజర్లను కూర్చోబెట్టి ఛార్జింగ్‌కు ఆగితే రెండోసారి నన్ను పిలవరు. ఇన్నోవా హైక్రాస్ హైబ్రిడ్‌కు ఆ బాధ లేదు. పెట్రోలు నిజంగా ఆదా చేసే బండిని లెక్కలోంచి తీసేసి, ఇంట్లో రెండో కారుగా కొన్న చిన్న ఈవీని మాత్రం లెక్కపెడతామంటే అది న్యాయం కాదు.

కందుకూరు వాడిని (ఇప్పుడు జర్మనీలో):
కావలి సోదరా, మీ బాధ సరైనదే, కానీ రెండు వేరు వేరు బండ్లను ఒకే పేరుతో పిలుస్తున్నారు. హైక్రాస్‌కు ప్లగ్ లేదు. దాని కరెంటు పెట్రోలులోంచి, బ్రేకు వేసినప్పుడు పుట్టేదాంట్లోంచి వస్తుంది. ప్లగ్-ఇన్ హైబ్రిడ్ అంటే గోడకు పెట్టి ఛార్జి చేసే పెద్ద బ్యాటరీ ఉండి, పెట్రోలు ఇంజను కూడా ఉన్నది. భారతదేశంలో అవి ఖరీదైన విదేశీ కార్లలో తప్ప దాదాపు లేవు. చైనాలో, ఐరోపాలో అమ్మకాల పట్టికలో వాటికి పెద్ద వాటా ఉంది.

నేనున్న చోట జరిగింది వినండి. ప్లగ్-ఇన్ హైబ్రిడ్లకు జర్మనీ ప్రభుత్వ రాయితీ 2022 డిసెంబరుతో ముగిసింది. ఆ నెల కొత్త కార్లలో 55 శాతం ప్లగ్ ఉన్నవే. మరుసటి నెల 15 శాతం. నెల రోజుల్లో జర్మన్ల అభిరుచి మారిపోలేదు, జనవరిలో కొనాల్సినవాళ్లు డిసెంబరులోనే కొనేశారు. 2023 డిసెంబరులో బ్యాటరీ కార్ల రాయితీ కూడా హఠాత్తుగా ఆపేశారు, 2024లో వాటి అమ్మకాలు నాలుగో వంతుకు పైగా పడిపోయాయి. కాబట్టి నెల అంకె గురించి పెన్నా ఒడ్డు గారిది నిజం.

కలపడం గురించి ఒక్క మాట. ఐరోపా సంఘం కార్లలోనే అమర్చిన మీటర్ల ద్వారా నిజమైన వాడకాన్ని సేకరించింది. ప్లగ్-ఇన్ హైబ్రిడ్లు ప్రయోగశాల లెక్క కంటే సగటున మూడున్నర రెట్లు ఎక్కువ కర్బన వాయువు వదులుతున్నాయని తేలింది. ఛార్జి పెట్టకుండా పెట్రోలు మీదే నడిపితే అంతే కదా. వాటిని ఈవీలతో కలిపి ఒకే శాతంగా చూపించడం నాకు అన్యాయంగా కనిపిస్తుంది.

ముత్తుకూరు:
మా పక్కనే నేలటూరులో 800 మెగావాట్ల బొగ్గు యూనిట్లు ఉన్నాయి. దేశంలో కరెంటు 70 శాతానికి పైగా బొగ్గుదే. నగరంలో పొగ లేదని మురిసేవాళ్లు బూడిద ఎక్కడ పడుతుందో కూడా ఆలోచించండి.

గుండ్లకమ్మ (ఒంగోలు):
ముత్తుకూరు వారి ఆవేదన అర్థం చేసుకోగలను. కానీ ఇళ్ల మీద సోలార్ పలకలు పెరిగే కొద్దీ ఈవీ శుభ్రపడుతుంది, పెట్రోలు కారు మాత్రం కొన్న రోజు ఎలా ఉందో పదేళ్ల తర్వాతా అంతే.

పెన్నా ఒడ్డు గారూ, పండుగల సంగతి, జీఎస్టీ సంగతి ఒప్పుకుంటున్నాను. అయితే దానికి మందు లెక్కలు మానేయడం కాదు. పన్నెండు నెలలు కలిపి, ప్రతి నెలా ఒకటి చేర్చి ఒకటి తీసేస్తూ చూస్తే పండుగ ఏ నెలలో పడినా పెద్దగా తేడా రాదు. అలా చూసినా 2025 గీత పైకే వెళ్లింది. నా మాట అక్కడే ఉంది: ఇంట్లో సొంత ప్లగ్ ఉండి, రోజూ ఊళ్లో తిరిగేవాళ్లు ఇంకా ఆగడం నష్టం.

కనిగిరి మాస్టారు:
దేశం గీత పైకి వెళితే మా కనిగిరికి ఏమొచ్చింది? హైవే పొడవునా, నెల్లూరు, ఒంగోలు ఊళ్లలో ఛార్జింగ్ పాయింట్లు కనిపిస్తాయి. ఒంగోలు దాటి పడమరకు, పొదిలి, కనిగిరి వైపు వస్తే వెతుక్కోవాలి. ఉన్న ఒకటీ పనిచేయకపోతే రాత్రికి అక్కడే. జిల్లావారీగా ఎన్ని ఈవీలు రిజిస్టరయ్యాయో, ఎన్ని ఛార్జర్లు నిజంగా పనిచేస్తున్నాయో ఆ రెండూ పక్కపక్కన నెలనెలా ప్రకటిస్తే నాలాంటివాడికి ఉపయోగం.

పెన్నా ఒడ్డు (నెల్లూరు):
మాస్టారు అడిగిందే నేనూ అడుగుతాను. గుండ్లకమ్మ గారి పన్నెండు నెలల పద్ధతి నాకు సమ్మతమే, ప్లగ్-ఇన్‌కు వేరే వరస, మామూలు హైబ్రిడ్‌కు వేరే వరస పెడితే కావలి ఆయనకూ న్యాయం జరుగుతుంది. కానీ ఆగడం నష్టమన్న మాట నేను ఒప్పుకోను. జీఎస్టీ తగ్గాక చిన్న పెట్రోలు కారుకూ ఈవీకీ ధర తేడా మారిపోయింది. ఊళ్లోనే తిరిగేవాళ్లకు రోజుకు ఎన్ని కిలోమీటర్లయితే ఆ తేడా తిరిగి వస్తుందో లెక్క వేసి పెట్టండి, గుండ్లకమ్మ గారూ. అప్పు వడ్డీ కూడా కలపండి.