రాయలసీమలో అంత సోలార్ ఉండగా మా చెరువు మీద జనరేటర్ ఎందుకండి?

ఉండి రొయ్యలాయన:
మాది భీమవరం పక్కన, ఉండి వైపు. ఎనిమిదెకరాల వనామీ రొయ్యల చెరువు. పగలు కరెంటు బ్రహ్మాండంగా ఉంటుంది, అప్పుడు నాకు పెద్దగా పనిలేదు. రాత్రి ఏరియేటర్లన్నీ, అంటే నీళ్లలోకి గాలి ఎక్కించే మరలన్నీ తిప్పాలి. తెల్లవారుజామున డీవో, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, బాగా పడిపోతుంది. అప్పుడు గానీ కరెంటు పోయిందా, కాసేపటికే రొయ్య పైకి తేలి గట్టు వెంట చేరుతుంది. సోలార్ అమ్మే ఒకాయన వచ్చి "ప్యానెళ్లు పెట్టించండి, జనరేటర్ అమ్మేయండి" అంటున్నాడు. కర్నూలు దగ్గర వెయ్యి మెగావాట్ల పార్కు ఉంది కదా, ఆ కరెంటు రాత్రికి దాచి మాకివ్వలేరా?

పాత కంట్రోల్ రూమ్ మనిషి:
జనరేటర్ అమ్మొద్దు బాబూ. ప్యానెళ్లని లైనుకి కలిపే ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్ లైనులో కరెంటు పోగానే తనూ ఆగిపోతుంది, మిట్టమధ్యాహ్నమైనా సరే. స్తంభమెక్కిన లైన్‌మన్‌కి వెనక నుంచి షాక్ కొట్టకూడదని అలా చేశారు. ఆ అమ్మే ఆయన ఈ ముక్క చెప్పి ఉండడు.

ఇక గ్రిడ్ సంగతి, అంటే అన్ని ఊళ్లనీ, ప్లాంట్లనీ కలిపే కరెంటు లైన్ల సంగతి. ఏ క్షణానికి ఎంత వాడుతున్నారో ఆ క్షణానికి అంతే పుట్టాలి, ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ దగ్గర నిలబడాలి. మధ్యాహ్నం సోలార్ పొంగితే బొగ్గుతో నడిచే థర్మల్‌ని తగ్గించమంటాం. కానీ బొగ్గు యూనిట్‌ని సామర్థ్యంలో 55 శాతం కిందికి దింపడం కష్టం, ఆపేస్తే సాయంత్రానికి మళ్లీ లేవదు. పొద్దు గూకేసరికి సోలార్ సున్నా. ఇళ్లలో లైట్లు, ఫ్యాన్లు, ఆపైన మీ ఏరియేటర్లు. ఆ రెండు గంటలూ మా డెస్కు మీద టీ చల్లారిపోయేది.

అప్పుడు ఆదుకునేది నీళ్లే. మోతుగూడెంలో లోయర్ సీలేరు జల విద్యుత్ కేంద్రం, 460 మెగావాట్లు, నిమిషాల్లో అందుకుంటుంది. అక్కడ టర్బైన్ తిప్పి వదిలిన నీళ్లే సీలేరు, శబరి మీదుగా గోదావరిలో కలిసి ధవళేశ్వరం చేరతాయి, మీ దాళ్వా వరికి, అంటే రెండో పంటకి, అవే ఆధారం. కాలవల వాళ్లకి రోజంతా సమంగా రావాలి, మాకు సాయంత్రం ఒక్కసారిగా కావాలి. ఈ గొడవ మీద ఎన్ని ఫోన్లో!

వేమగిరి, జేగురుపాడు గ్యాస్ ప్లాంట్లు ఈ పనికి పుట్టినట్టుంటాయి. కేజీ (కృష్ణా-గోదావరి) బేసిన్ గ్యాస్ తగ్గాక చాలాకాలం ఖాళీగా కూర్చున్నాయి. మన ముంగిట్లో గ్యాసు, మన ముంగిట్లోనే ఆగిన టర్బైను!

నువ్వన్న 'దాచడం' ఉంది. సీమలోనే పిన్నాపురంలో 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ అందుకే. మధ్యాహ్నం నీళ్లు పైకి తోడతారు, సాయంత్రం కిందికి వదులుతారు. వంద యూనిట్లు పెడితే 75-80 తిరిగొస్తాయి.

అమలాపురం కుర్రాడు:
2013 డిసెంబర్ 31న మన దక్షిణాది గ్రిడ్ మిగతా దేశంతో కలిసింది కదండి. గుజరాత్ కరెంటు రాదా?

పాత కంట్రోల్ రూమ్ మనిషి:
వస్తుంది. అక్కడ పొద్దు మనకంటే ముప్పావుగంట ఆలస్యంగా కుంగుతుంది, ఆ కాసేపూ వాళ్ల ప్యానెళ్లు మనకి లాభమే. తెల్లవారుజాము మూడింటికి మాత్రం దేశమంతా చీకటే. గాలిమరలు రాత్రి కూడా తిరుగుతాయి గానీ, సీమలో వాటి జోరు జూన్ నుంచి సెప్టెంబరు దాకా.

లంక కొబ్బరి:
మా లంకలో కరెంటు పోయేది కొబ్బరి మట్ట లైను మీద పడి. దానికి కర్నూలేం చేస్తుంది, గుజరాతేం చేస్తుంది?

పాత కంట్రోల్ రూమ్ మనిషి:
నూటికి నూరుపాళ్లు. ఉండి ఆయనా, మీకు రాత్రి కరెంటు పోయినప్పుడు పోయింది మీ ఫీడరు, అంటే సబ్‌స్టేషన్ నుంచి మీ వైపొచ్చే లైను ఒక్కటేనా, సబ్‌స్టేషన్ మొత్తమా? ముందు అది కనుక్కో.

ఉండి రొయ్యలాయన:
ఫీడరేనండి, పక్కూళ్లో వెలుగుతూనే ఉంది. బ్యాటరీ పెడితే?

పాత కంట్రోల్ రూమ్ మనిషి:
రెండు హెచ్‌పీ ఏరియేటర్లు ఇరవై అనుకో, సుమారు 30 కిలోవాట్లు. ఆరు గంటలకి 180 యూనిట్లు. ఆ ధర కనుక్కుని అప్పుడు మాట్లాడు. చెరువుకి నీళ్లు తోడేది ఉంటే మధ్యాహ్నానికి మార్చుకో, దానికైతే ప్యానెళ్లు పనికొస్తాయి. కరెంటు పోగానే జనరేటర్ దానంతటదే అందుకునే ఆటో చేంజోవరు పెట్టించు, కాపలా కుర్రాడు నిద్రపోయినా మోగేలా ఒక సైరనూ.

ఉండి రొయ్యలాయన:
సైరన్ ఉందండి. వాడు దాన్ని గుడ్డలో చుట్టి పడుకుంటున్నాడు.