న్యూట్రినో డిటెక్టర్లు: ఒక పెద్ద పీఎంటీ మేలా, చిన్నవాటి గుత్తి మేలా?

కొత్తకుర్రాడు
ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి ఫోటోమల్టిప్లయర్ ట్యూబుల (పీఎంటీ, అంటే కొద్దిపాటి వెలుగునీ కరెంటు పల్సుగా మార్చేవి) టెస్టింగ్ ఇచ్చారు. జపాన్ న్యూట్రినో డిటెక్టర్ సూపర్ కామియోకాండేలో 20 అంగుళాల ట్యూబులు 11 వేలకు పైగా పెట్టారు. మధ్యధరా సముద్రంలో కేఎం3నెట్ డిటెక్టర్ వాళ్లేమో ఒక్కో గాజు గోళంలో 3 అంగుళాలవి 31 సర్దారు. ఇద్దరూ పట్టేది నీళ్లలో పుట్టే చెరెంకోవ్ వెలుగే (న్యూట్రినో ఢీకొన్నప్పుడు పుట్టే వేగమైన కణాలు విడిచేది) కదా, ఇంత తేడా ఎందుకు? చేత్తో పని చేసినవాళ్లు చెప్పండి.

చీకటిపెట్టె
నేను చిన్న ట్యూబుల మీదే పని చేస్తున్నా. గోళంలో ఏ ట్యూబు మోగిందో చూస్తే వెలుగు ఎటు నుంచి వచ్చిందో తెలుస్తుంది. పైగా సముద్రపు నీళ్లలో పొటాషియం-40 (సహజ రేడియోధార్మిక పదార్థం) గోల ఎప్పుడూ ఉంటుంది. అది ఎక్కువగా ఒకటీ అరా ట్యూబులనే తాకుతుంది. ఒకే గోళంలో చాలా ట్యూబులు ఒకేసారి మోగాయంటే అసలు సంగతి ఏదో ఉన్నట్టే. పెద్ద ట్యూబుతో ఈ సుఖం లేదు.

పాత_ఇంజినీర్
లెక్క కూడా చూడు తమ్ముడూ. ఒక 20 అంగుళాల ముఖానికి సరిపడా వైశాల్యం కావాలంటే 3 అంగుళాలవి 44 దాకా పడతాయి. అన్నిటికీ హై వోల్టేజ్, అన్నిటికీ ఎలక్ట్రానిక్స్! 50 వేల టన్నుల నీళ్ల ట్యాంకు గోడల నిండా అలా పెట్టాలంటే ఖర్చు ఎవరు భరిస్తారు?

అయితే పెద్ద గాజుకి పెద్ద గండం. 2001 నవంబర్ 12న సూపర్ కామియోకాండేలో మరమ్మతుల తర్వాత నీళ్లు నింపుతుంటే అడుగున ఒక ట్యూబు లోపలికి కుంగి పగిలింది. ఆ అదురుకి పక్కది, దాని అదురుకి ఇంకోటి... సగానికి పైగా పోయాయి. ఆ తర్వాతే ఒక్కోదానికి ముందు యాక్రిలిక్, వెనక ఫైబర్‌గ్లాస్ తొడుగు వేశారు. పూర్తిగా కోలుకునేసరికి 2006 వచ్చింది. అందుకే నేను ట్యూబు స్పెసిఫికేషన్‌లో ముందు చూసేది గాజు బలం, ఆ తర్వాతే సామర్థ్యం.

ఫోటాన్_పద్మ
చైనాలో జూనో న్యూట్రినో డిటెక్టర్ వాళ్లు రెండూ పెట్టేశారు :) 20 అంగుళాలవి 17,612, వాటి సందుల్లో 3 అంగుళాలవి 25,600. 2025 ఆగస్టులో డేటా మొదలైంది. వాళ్లకి 1 ఎంఈవీ (పది లక్షల ఎలక్ట్రాన్ వోల్టులు) దగ్గర శక్తిని 3 శాతం తేడాలో కొలవాలి. అంటే గణాంకాల ప్రకారమే వెయ్యికి పైగా ఫోటోఎలక్ట్రాన్లు (వెలుగు తగిలి ట్యూబులో ఊడే ఎలక్ట్రాన్లు) రావాలి. ఆ బరువు మోసేది పెద్దవి. చిన్నవి దాదాపు ఒక్కో ఫోటాన్‌నే లెక్కపెడతాయి కాబట్టి పెద్దవాటి కొలత వంకర పోయిందా అని సరిచూడటానికి పనికొస్తాయి.

కోలార్_బాబు
టాపిక్ కాదు గానీ, 1965లో వాతావరణ న్యూట్రినోల జాడ పట్టిన మన కోలార్ బంగారు గనుల్లోనూ సింటిల్లేటర్లకి (కణం తగిలితే మెరిసే పదార్థాలకి) పీఎంటీలే తగిలించారు. ఆ మాట ఎవరూ ఎత్తరేం?

కొత్తకుర్రాడు
థాంక్స్ అండీ. నా బాధ వేరే ఉంది. పెట్టె మూసి కొలిచినా డార్క్ కౌంట్ (వెలుగు లేకున్నా వచ్చే పల్సుల లెక్క) దిగడం లేదు. టెన్షన్‌గా ఉంది.

చీకటిపెట్టె
ట్యూబ్‌లైటు కింద పెట్టి బిగించారా? హై వోల్టేజ్ ఆపేసి ఉన్నా సరే, ట్యూబులో వెలుగు పడే పూత, అంటే ఫోటోకాథోడ్‌కి గది వెలుతురు తగిలితే గంటల తరబడి కౌంట్ ఎక్కువే చూపిస్తుంది. రాత్రంతా చీకట్లో వదిలి పొద్దున కొలవండి. కేబుల్ దూరే కంత చుట్టూ నల్ల టేపు రెండు పొరలు వేయండి, లీకు ఎక్కువగా అక్కడే. వోల్టేజ్ ఉండగా మాత్రం మూత తీయొద్దు, ట్యూబు గోవిందా.

పాత_ఇంజినీర్
గది ఉష్ణోగ్రత కూడా రాసుకో. వేడెక్కితే కౌంట్ పెరుగుతుంది. మీ ట్యూబు పెద్దదైతే దాన్ని అక్కడే కాస్త తిప్పి మళ్లీ కొలువు. భూమి అయస్కాంత క్షేత్రానికే లోపలి ఎలక్ట్రాన్లు పక్కకి పోతాయి. సూపర్ కామియోకాండే ట్యాంకు చుట్టూ తీగచుట్లు వేసింది అందుకే. గ్రాఫ్ ఇక్కడ పెట్టు, చూద్దాం.