తెలుగు మీడియం నుంచి వచ్చిన డిగ్రీ పిల్లలు ఇంగ్లీషులో పేరాగ్రాఫు దాటి వ్యాసం రాయలేకపోతున్నారు, ఎలా నేర్పాలి?

ప్రశ్న (డిగ్రీ కాలేజీ లెక్చరర్, మహబూబ్‌నగర్ వైపు)

అందరికీ నమస్కారం. డిగ్రీ మూడో ఏడాది పిల్లలకు ఇంగ్లీషు చెప్తాను. క్లాసులో అరవై మంది, అందులో ఎక్కువమంది ఇంటర్ దాకా తెలుగు మీడియంలోనే చదివారు. గ్రామర్ ఓ మోస్తరు వచ్చు, పేరాగ్రాఫు రాయమంటే రాస్తారు. కానీ ఒక అభిప్రాయం తీసుకుని దాన్ని నిలబెట్టి నాలుగైదు వందల పదాల్లో వాదించమంటే మాత్రం చేతులెత్తేస్తున్నారు.

పోయిన వారం 'పల్లెల నుంచి వలస' మీద రాయమన్నాను. సగానికి పైగా పేపర్లు 'ఇన్ దిస్ మోడర్న్ వరల్డ్' అనో 'నౌ ఎ డేస్' అనో మొదలయ్యాయి. ఆ తర్వాత వలస అంటే ఏమిటి, లాభాలు, నష్టాలు, చివర్లో 'గవర్నమెంట్ షుడ్ టేక్ నెసెసరీ స్టెప్స్'. గైడ్లలో ఉండే వ్యాసం లాగే ఉన్నాయన్నీ. వలసకు పేరుపడ్డ జిల్లాలో కూర్చుని రాస్తున్న పిల్లలు, ఒక్కరి పేపర్లో కూడా వాళ్ల ఊరు లేదు. నేను రెండు రాత్రులు మేలుకుని ఎర్ర పెన్నుతో ప్రతి తప్పూ దిద్ది ఇచ్చాను. మార్కు చూసుకుని, పేపరు మడిచి బ్యాగులో పెట్టేసుకున్నారు. వీళ్లలో కొందరికి పీజీ చేయాలని ఉంది, కొందరికి ఐఈఎల్‌టీఎస్ రాయాలని, ఇద్దరికి సివిల్స్ ఆశ. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

జవాబు (రిటైర్డ్ ఇంగ్లీషు అధ్యాపకురాలు, గుంటూరు)

బాబూ, ముందు ఆ ఎర్ర పెన్ను పక్కన పెట్టండి. ఒక్కో పేపరుకు పావుగంట వేసుకున్నా అరవై పేపర్లకు పదిహేను గంటలు. అంత కష్టపడి మీరు దిద్దింది వాళ్లు చదవలేదంటే తప్పు వాళ్లది కాదు, ఆ పేపరుతో వాళ్లకు ఇంక పని లేదు కాబట్టి చదవలేదు. మార్కు వేశామంటే ఆ వ్యాసం అక్కడితో అయిపోయిందని మనమే చెప్పినట్టు. ఇన్నేళ్లలో నాకు అర్థమైంది ఒకటే: పది వ్యాసాలు రాయించడం కన్నా ఒకే వ్యాసాన్ని మూడుసార్లు రాయించడం మేలు. మొదటిసారి ఏం చెప్పాలో తేల్చుకోవడానికి, రెండోసారి దాన్ని ఏ వరుసలో చెప్పాలో సర్దుకోవడానికి, మూడోసారి భాష కోసం. మూడోసారి దాకా గ్రామర్ ముట్టుకోకండి. రెండో ప్రతిలో కొట్టేయబోయే వాక్యాన్ని మొదటి ప్రతిలోనే దిద్దడం దండగ కదా.

ఇప్పుడు మీ వలస వ్యాసం సంగతి. పిల్లలకు విషయం లేక కాదు, ఆ విషయం ఇంగ్లీషు వ్యాసంలో రాయొచ్చని ఎవరూ చెప్పక రాయలేదు. ఒక అమ్మాయిని పిలిచి తెలుగులోనే అడగండి, 'మీ ఇంట్లో ఎవరైనా వలస వెళ్లారా?' అని. మీరు పక్కన రాసుకోండి, తనను రాయమనొద్దు. నోటితో చెప్పేటప్పుడు 'మోడర్న్ వరల్డ్' రాదు, చూడండి. ఆ చెప్పినదాంట్లో ఏదో ఒక మాట దగ్గర మీకే 'ఆఁ, ఇది నాకు తెలియదే' అనిపిస్తుంది. ఆ మాటే వ్యాసానికి గుండెకాయ. అక్కడ ఆపి, 'దీన్ని ఒక్క వాక్యంలో చెప్పు, అది కాదనేవాళ్లు కూడా ఉండాలి' అనండి. 'వలస ఒక సమస్య' అంటే ఎవరూ కాదనరు, కాబట్టి అది వాదన కాదు. మొదటి రెండు పీరియడ్లు ఈ ఒక్క వాక్యం మీదే పోతాయి, పోనివ్వండి.

ప్రశ్న వేసిన లెక్చరర్

మేడమ్, ఇవాళే ప్రయత్నించాను. ఒకమ్మాయి ఏమందంటే: 'మా అమ్మనాయిన బొంబాయి పోయిన్రు సార్. నేనూ తమ్ముడూ నానమ్మ కాడ ఉన్నం, బడి పోవద్దని.' నేను చాలాసేపు ఏం మాట్లాడలేకపోయాను. ఇంతకుముందు ఆ అమ్మాయి పేపర్లో ఉన్నది 'పీపుల్ మైగ్రేట్ ఫర్ బెటర్ లైఫ్' అన్న ఒక్క ముక్క.

సరే, వాక్యం దొరికింది. పల్లె మొత్తం ఖాళీ అయిపోదు, పిల్లల చదువు ఆగకూడదని కుటుంబమే రెండుగా చీలుతుంది అని. కానీ ఇంగ్లీషులో రాయమనేసరికి మళ్లీ మొదటికొచ్చింది. రాసింది ఇదీ: 'రెయిన్స్ నాట్ కమింగ్, బోర్స్ డ్రైయింగ్, డెట్స్ ఇంక్రీజింగ్, మై పేరెంట్స్ వెంట్ టు బాంబే.' దీన్ని ఎక్కడ పట్టుకుని సరిచేయాలి?

జవాబు (అదే అధ్యాపకురాలు)

ఈ వాక్యం చూసి బాధపడకండి, ఇది చాలా మంచి వాక్యం, కాకపోతే తెలుగు వాక్యం. 'వానలు పడక, బోర్లు ఎండి, అప్పులు పెరిగి, అమ్మానాన్నలు బొంబాయి వెళ్లారు.' పడక, ఎండి, పెరిగి అంటూ అసమాపక క్రియలు గొలుసులా పేర్చుకుంటూ వచ్చి, చివర ఒక్క సమాపక క్రియతో ముగించడం మనకు పుట్టుకతో వచ్చిన పద్ధతి. ఆ అమ్మాయి అదే గొలుసును 'ఇంగ్'లతో అల్లింది. ఈ సంగతి తనకు చెప్పండి. 'నీది తప్పు' అంటే కుంచించుకుపోతారు, 'నువ్వు తెలుగు వాక్యాన్ని ఇంగ్లీషు పదాలతో రాశావు' అంటే వాళ్లకే ఆసక్తి పుడుతుంది.

ఆ తర్వాత గొలుసు విప్పించండి. పడనిదేమిటి? వానలు. ఎండినవేమిటి? బోర్లు. పెరిగినవేమిటి? అప్పులు. ఒక్కోదాన్నీ సొంత కర్త, సొంత కాలం ఉన్న చిన్న వాక్యంగా బోర్డు మీద రాయించండి. నాలుగు వాక్యాలొస్తాయి. అప్పుడు దేనివల్ల ఏది జరిగిందో అడగండి. వానలకూ బోర్లకూ మధ్య 'బికాజ్' వస్తుందా, అప్పులకూ బొంబాయికీ మధ్య 'సో' వస్తుందా అన్నది వాళ్లే తేల్చాలి. తెలుగు గొలుసులో కారణం అనే మాట లేకుండానే కారణం అర్థమైపోతుంది, ఇంగ్లీషులో చాలాచోట్ల దాన్ని బయటపెట్టి చెప్పాలి. మావాళ్లు కనెక్టర్ల పట్టిక బట్టీ కొట్టి 'మోరోవర్', 'ఫర్దర్‌మోర్' ప్రతి వాక్యానికీ తగిలించేది ఈ పని చేయించకపోవడం వల్లే.

పేరా మొత్తానికీ ఇదే గొడవ. మనం కారణాలన్నీ చెప్పి అసలు మాట చివర్లో చెప్తాం, కాలేజీ వ్యాసం చదివే ఇంగ్లీషు పాఠకుడు అసలు మాట ముందే చెప్పమంటాడు. 1966లో రాబర్ట్ కాప్లాన్ అనే ఆయన ఒక్కో భాషాకుటుంబం వాళ్ల పేరా ఎలా నడుస్తుందో గీతలు గీసి చూపించాడు, ఇంగ్లీషుకు తిన్నని గీత, ఆసియా వాళ్లకు సుడి తిరిగే గీత. రకరకాల భాషల్ని ఒకే గాటన కట్టాడని, ఇంగ్లీషే తిన్ననిది అన్నట్టు చెప్పాడని తర్వాత విమర్శలూ వచ్చాయి, అవి న్యాయమైనవే. కాబట్టి క్లాసులో 'మన ఆలోచన వంకర' అన్న మాట మాత్రం రానివ్వకండి. పాఠకుడు ఎవరో చూసుకుని వరుస మార్చడం అంతే. రెండో ప్రతికి నేను చేయించే పని చాలా చిన్నది: ప్రతి పేరాలో చివరి వాక్యాన్ని తెచ్చి మొదట పెట్టి చదవమంటాను. సగం పేరాలు అక్కడే బాగుపడతాయి.

ఇంకొకటి, అవతలివాళ్ల వాదనకు చోటివ్వడం. 'కౌంటర్ ఆర్గ్యుమెంట్' అంటే టెన్షన్ పడతారు. మనకు 'అలాగని' అన్న మాట ఉంది కదా, దాంతో ఒక వాక్యం చెప్పమనండి. 'వలస వల్ల కుటుంబం చీలుతుంది. అలాగని వెళ్లకుండా ఉంటే ఫీజు ఎవరు కడతారు?' అదే కౌంటర్ ఆర్గ్యుమెంట్. అలాగే 'ఆల్ పీపుల్', 'ఎవ్రీబడీ' అని రాసిన చోట 'మీ ఊళ్లో నిజంగా అందరూనా?' అని అడగండి. 'అందరూ కాదు సార్, చానామంది' అంటారు. ఆ 'చానామంది'ని ఇంగ్లీషులోకి తెమ్మనండి.

ఆర్టికల్స్ ఆఖరున చూడండి. తెలుగులో అవి లేవు కాబట్టి 'ద' ఎక్కడ పెట్టాలో పట్టుబడటానికి ఏళ్లు పడుతుంది, అది లేనంత మాత్రాన అర్థం చెడే చోట్లు తక్కువ.

మరో ప్రశ్న (ఐఈఎల్‌టీఎస్ చెప్పే టీచర్, విజయవాడ)

మూడుసార్లు రాయించడం కాలేజీలో కుదురుతుందేమో గానీ మా దగ్గరికి వచ్చేవాళ్లకు ఉండేది ఆరు వారాలు. పరీక్షలో 40 నిమిషాల్లో 250 పదాలు రాయాలి. అక్కడ బాగా పనికొచ్చే వాక్యాలు కొన్ని నేర్పించకపోతే ఎలా?

జవాబు (అదే అధ్యాపకురాలు)

మీ ఇబ్బంది నాకు తెలుసండి. కానీ మార్కులు ఎలా వేస్తారో చూడండి. రాత పరీక్షలో రెండు టాస్కులుంటాయి, వ్యాసం రాసే రెండోదానికి మొదటిదానికన్నా రెట్టింపు బరువు. అందులో నాలుగు అంశాలు, నాలుగూ సమానం: అడిగినదానికి జవాబు చెప్పారా, చెప్పింది ఒక వరుసలో ఉందా, పదసంపద, వ్యాకరణం. అంటే సగం మార్కులు ఆలోచన మీద, అమరిక మీద ఆధారపడి ఉన్నాయి. బట్టీ వాక్యాలు అడిగిన ప్రశ్నకు అతకవు, పరీక్షకులు వాటిని ఇట్టే పట్టేస్తారు కూడా. 40 నిమిషాల్లో మొదటి ఐదారు నిమిషాలు పెన్ను ముట్టకుండా ఆ ఒక్క వాక్యం తేల్చుకోమనండి. ఆరు వారాల్లో ముప్పై వ్యాసాలు రాయించే బదులు పది రాయించి, పదింటినీ తిరగరాయించండి. సివిల్స్ వాళ్లకూ ఇంతే, అక్కడ మూడు గంటల్లో రెండు వ్యాసాలు, ఒక్కోటి 1000 నుంచి 1200 పదాలు, మొత్తం 250 మార్కులు. ఉన్నది ఒక్క పేరాకు సరిపడే ఆలోచన అయితే 1200 పదాలు ఎవరూ నింపలేరు.

జవాబు (అమెరికాలో కాలేజీ రాత క్లాసు చెప్పే ఒక తెలుగువాడు)

మేడమ్ చెప్పినదానికి ఒకటి కలుపుతాను. మన పిల్లలు ఇక్కడికి వచ్చి మొదటి సెమిస్టర్లోనే దెబ్బతినేది గ్రామర్ దగ్గర కాదు, ఇంకొకరి వాక్యాలు చెప్పకుండా వాడుకున్నారని. వాళ్ల దృష్టిలో అది దొంగతనం కాదు, చిన్నప్పటి నుంచి పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు రాస్తేనే మార్కులు వేశారు మరి. ఇక్కడేమో దానికి కోర్సు ఫెయిల్ చేయొచ్చు. కాబట్టి డిగ్రీలోనే ఇది నేర్పండి: చదివిన పేరా మూసేసి, పక్కనున్నవాళ్లకు తెలుగులో చెప్పాలి, ఆ చెప్పినదాన్ని ఇంగ్లీషులో రాయాలి, ఆ తర్వాతే పుస్తకం తెరిచి సరిచూసుకోవాలి. మధ్యలో తెలుగు రావడంతో అసలు వాక్యాల పట్టు వదిలిపోతుంది. ఎవరు చెప్పారో ఆ పేరు వాక్యంలోనే పెట్టించండి. మూడు పదాలు మార్చి సొంతం అనుకునే అలవాటు మానాలంటే నాకు తెలిసి ఇంతకన్నా మంచి దారి లేదు.

పదాల విషయంలో, 2000 సంవత్సరంలో ఎవెరిల్ కాక్స్‌హెడ్ తయారు చేసిన అకడమిక్ పదాల పట్టిక ఒకటుంది, 570 పదకుటుంబాలు, అంటే ఒకే మూలం నుంచి వచ్చిన పదాల గుంపులు. వారానికి పది చొప్పున తీసుకోండి, కానీ విడిగా అర్థాలు రాయించొద్దు, వాళ్ల సొంత వ్యాసంలో ఎక్కడ అతుకుతుందో వెతికించండి.

మరో ప్రశ్న (జూనియర్ లెక్చరర్, కర్నూలు)

ఇంటికి రాయమని ఇస్తే చాట్‌జీపీటీతో రాయించుకొస్తున్నారు. ఒక్క తప్పు ఉండదు, ఒక్క మాట వాళ్లది ఉండదు. ఏం చేస్తున్నారు మీరు?

జవాబు (అదే అధ్యాపకురాలు)

మొదటి ప్రతి క్లాసులోనే, కాగితం మీద, చేత్తో రాయించమ్మా. మూడు ప్రతులూ కలిపి పిన్ను కొట్టి ఇవ్వమను. మార్కులు చివరి ప్రతికి సగమే వేసి, మిగతా సగం ఒకదాని నుంచి ఇంకొకదానికి ఏం మార్చారు, ఎందుకు మార్చారు అన్నదానికి వెయ్యి. ఆ ఎందుకు అన్నది తెలుగులో రాసినా సరే. అనుమానం ఉంటే నిలదీయకు, 'ఈ పేరా తీసేస్తే నీ వ్యాసానికి ఏం నష్టం?' అని అడుగు. రాసినవాళ్లు జవాబు చెప్తారు.

తప్పులు దిద్దడం గురించి కూడా చెప్పాలి. జాన్ ట్రస్కాట్ 1996లో గ్రామర్ దిద్దడం దండగ, మానేయండి అని వాదిస్తే, డానా ఫెరిస్ 1999లో ఒప్పుకోనని జవాబు రాసింది. నేను రెంటికీ మధ్యన ఉంటాను. మూడో ప్రతిలో ఒక్కో పిల్లవాడికి రెండే రకాల తప్పులు ఎంచుకుని, ఆ తప్పున్న లైను పక్కన చుక్క పెడతాను. తప్పేమిటో వాళ్లు వెతుక్కోవాలి. ఎక్కువగా 'ఆల్దో' రాసి మళ్లీ 'బట్' రాయడం, 'ఐ యామ్ హావింగ్', 'డిస్కస్ అబౌట్', ఇవే ఉంటాయి. తను వెతుక్కుని దిద్దుకున్న తప్పు తనకు గుర్తుంటుంది.

ప్రశ్న వేసిన లెక్చరర్ (నాలుగు వారాల తర్వాత)

అందరికీ చెప్పాలని వచ్చాను. అరవై మందితో ఒకేసారి కుదరదని పదిహేను మంది చొప్పున నాలుగు గుంపులు చేసి, వారానికి ఒక గుంపు పేపర్లే వివరంగా చూశాను, మిగతావాళ్లు ఒకరివి ఒకరు చదువుకున్నారు. అందరూ మారారని చెప్పను. పది మంది దాకా ఇంకా నిర్వచనంతోనే మొదలుపెడుతున్నారు, ఇద్దరు మూడో ప్రతి ఇవ్వనే లేదు.

కానీ ఆ అమ్మాయి వ్యాసం మూడో ప్రతి నా ముందుంది. మొదటి వాక్యం: 'వెన్ మై పేరెంట్స్ లెఫ్ట్ ఫర్ బాంబే, దే లెఫ్ట్ మీ బిహైండ్ ఫర్ మై స్కూల్.' 'ద' రెండు చోట్ల లేదు, ఒకచోట కాలం తప్పింది. రెండో పేరాలో 'అలాగని' పని చేసే 'ఈవెన్ సో' పెట్టి, వెళ్లకపోతే ఏమయ్యేదో రాసింది. నాలుగో పేరాలో నానమ్మ ఫోన్లో అమ్మానాన్నలతో ఏం చెప్పేదో, ఏం దాచేదో ఉంది, అది నేను అడగలేదు, తనే పెట్టింది. అయితే ఆ పేరా వ్యాసంలో ఇమడటం లేదు, వాదన అక్కడ ఆగిపోతోంది. తీసేయమనడానికి నాకు మనసు రావడం లేదు. మేడమ్, ఏం చేయమంటారు?

జవాబు (అదే అధ్యాపకురాలు)

తీయించకండి. ముందుకు తెచ్చి పెట్టమనండి, నానమ్మ దాచిన మాటతో వ్యాసం మొదలుపెట్టి చూడమనండి. ఇంకో ప్రతి అవుతుంది, అవనివ్వండి. రాశాక తనకు ఇష్టమైతే ఇక్కడ పెట్టండి, చదవాలని ఉంది.