ఒక్కపొద్దు అంటే రోజా కాదా?

మా అన్న కొడుకు కువైట్ నుంచి ఫోన్ చేసి వాళ్ళ జేజికి, అంటే మా అమ్మకు, క్లాసు పీకాడు. "రంజాన్ ఉపవాసాన్ని ఒక్కపొద్దు అనొద్దు జేజీ, అది హిందువుల మాట. సియామ్ అను, లేకుంటే రోజా అను."

మాది కడప వైపు దూదేకుల ఇల్లు. ఇంట్లో తెలుగే. తెల్లవారుజామున సంగటిలో ఇంత పెరుగు కలుపుకుని తిని, చెంబెడు నీళ్ళు తాగి, "ఈ పొద్దుకు ఒక్కపొద్దు పట్టినా" అనడం ఆమెకు చిన్నప్పటి నుంచీ అలవాటు. ఫోన్ పెట్టేసి, "నేను ఇంతకాలం ఉన్నవి లెక్కకు రావా నాయనా?" అంది.

సియామ్ వరకు వాడు చెప్పింది నిజమే. ఖురాన్ రెండో సూరా (అధ్యాయం) 183వ ఆయత్‌లో ఉన్నది ఆ అరబ్బీ మాటే. కానీ రోజా అరబ్బీ కాదు, ఫారసీ. రోజ్ అంటే పగలు. మనం పొద్దున లేస్తే వాడే 'రోజు' కూడా అక్కడి నుంచి వచ్చిందే. ఫారసీవాళ్ళు పగలును పట్టుకుని ఉపవాసానికి పేరు పెట్టుకుంటే తప్పు లేదు గానీ, మా అమ్మ పొద్దును పట్టుకుంటే తప్పొచ్చిందా?

» వ్యాఖ్య: ఒక్కపొద్దు అంటే ఒంటిపూట భోజనం కదండీ. మా అమ్మ శనివారాలు ఉండేది. మధ్యాహ్నం అన్నం, రాత్రికి ఫలహారం. రోజాలో పగలు మంచినీళ్ళు కూడా ముట్టరు, పైగా తెల్లవారకముందు సహరీ, పొద్దుగూకాక ఇఫ్తార్ అని రెండు పూటలు. అర్థం కుదరదు.

» నా జవాబు: కుదరదు, ఒప్పుకుంటాను. అయితే అరబ్బీలోనూ సియామ్‌కు, దాని జంట మాట సౌమ్‌కు మూలార్థం మానుకోవడమే. పంతొమ్మిదో సూరాలో ఈసా (యేసు) తల్లి మర్యమ్ ఎవరితోనూ మాట్లాడనని మొక్కుకుంటుంది. దాన్నీ సౌమ్ అనే అన్నారు. అక్కడ తిండి మానే మాటే లేదు.

» వ్యాఖ్య: మరి రంజాన్ కరెక్టా, రమదాన్ కరెక్టా? ఈమధ్య ఫ్లెక్సీల మీద రెండోదే ఎక్కువ కనిపిస్తోంది.

» నా జవాబు: ఆ నెల పేరులో 'దాద్' అనే అక్షరం ఉంది. ఇతర భాషల్లో అరుదైన పలుకు కాబట్టి అరబ్బులు తమ భాషనే 'దాద్ భాష' అని చెప్పుకుంటారు. ఫారసీలో, ఉర్దూలో అది 'జ' అయింది. మనకు ఉర్దూ నుంచి వచ్చింది కాబట్టి రంజాన్. మావాడిని పూర్తిగా తప్పుపట్టలేను. వాడి రూములో ఒక ఈజిప్టువాడు, ఇద్దరు బంగ్లాదేశీలు, ఒక మలయాళీ. అందరికీ తెలిసే మాట ఒకటి కావాలి కదా. అక్కడ ఒక్కపొద్దు అంటే ఎవరికి అర్థమవుతుంది? నా పేచీ ఆ మాటను కడపకు ఫోన్లో పంపినందుకే.

» వ్యాఖ్య: నమాజు కూడా ఫారసీయేనా?

» నా జవాబు: అదీ ఫారసీయే. అరబ్బీలో సలాత్. నమాజుకూ మన 'నమస్సు'కూ మూలధాతువు ఒకటే. ఈ సంగతి మావాడికి ఇంకా చెప్పలేదు.